హౌసా ప్రజల గురించి మీరడిగిన ప్రశ్నలు

పోయిన నెల ప్రార్థన పేజీలో పశ్చిమ ఆఫ్రికాలోని హౌసా ప్రజల గురించి నాలుగు వాక్యాలు వేశాం. ఆ నాలుగు వాక్యాలకే ఇన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయని అనుకోలేదు. 1980ల్లో ఉత్తర నైజీరియా స్కూళ్ళలో పాఠాలు చెప్పడానికి మన దేశం నుంచి వెళ్ళిన టీచర్లలో నేనూ ఒకడిని, జరియా ఊళ్ళో లెక్కలు చెప్పాను. అందుకని ఎడిటర్ గారు ఈసారి శీర్షిక మొత్తం నాకే వదిలేశారు. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, పేర్లు వేయొద్దన్నవాళ్ళ పేర్లు వేయలేదు, ఆ మాటకొస్తే ఎవరి పేర్లూ వేయలేదు.

ప్రశ్న: "సువార్త అందని జాతి" అని రాశారు. అంటే అడవుల్లో ఉండే తెగ అనుకోవాలా? మా సండే స్కూల్ పిల్లలకి ఏమని చెప్పాలి? – ఒక సోదరి, ఖమ్మం

తెగ, అడవి అనే మాటలు ముందు పక్కన పెట్టేయండమ్మా. హౌసా అమ్మభాషగా మాట్లాడేవాళ్ళే 5 కోట్లకు పైన ఉంటారు, రెండో భాషగా వాడేవాళ్ళని కలిపితే ఇంకా చాలా ఎక్కువ. వాళ్ళలో ఎక్కువమంది ఉత్తర నైజీరియాలోనూ, దానికి పైనున్న నైజర్ దేశం దక్షిణ భాగంలోనూ ఉంటారు. వ్యాపారం మీద కొందరు, హజ్ యాత్ర దారిలో కొందరు వెళ్ళి ఘనా, కామెరూన్, చాద్, సూడాన్ దాకా స్థిరపడిపోయారు. సహారా ఎడారికి కిందుగా ఉండే మెట్ట నేల వాళ్ళది. జొన్న, సజ్జ, వేరుశనగ, బొబ్బర్లు, పత్తి పండుతాయి. మన అనంతపురం వాళ్ళు ఆ చేలు చూస్తే కొత్త అనిపించదు.

వాళ్ళవి గోడలు కట్టుకున్న పట్టణాలు. కానో, కట్సీనా, జరియా, దౌరా, గోబిర్, రానో, బిరామ్ అని ఏడు పాత రాజ్యాలు. దౌరాలో ఒక బావిని పట్టుకుని శుక్రవారం తప్ప నీళ్ళు తోడనివ్వని పామును బాగ్దాద్ నుంచి వచ్చిన బయాజిద్దా అనే రాజకుమారుడు చంపి, అక్కడి రాణిని పెళ్ళాడాడనీ, అతని సంతానమే ఈ రాజ్యాలను ఏలారనీ వాళ్ళ కథ. ఆ బావి పేరు కుసుగు, ఇప్పటికీ చూపిస్తారు. పిల్లలకి ఈ కథ చెప్పండి, ఇష్టంగా వింటారు. ఇస్లాం అక్కడికి 14వ శతాబ్దంలో వర్తకులతో పాటు వచ్చింది. 15వ శతాబ్దం చివర్లో ముహమ్మద్ రుంఫా అనే రాజు కానోలో కట్టించిన కోట ఇప్పటికీ ఆ ఊరి ఎమీర్, అంటే ముస్లిం పాలకుడి నివాసమే. 1851లో జర్మన్ యాత్రికుడు హైన్రిఖ్ బార్త్ కానో చూసి, ఆ ఊళ్ళో నేసి రంగు అద్దిన బట్ట సహారా దాటి ఎంతెంత దూరాలకు పోతోందో వివరంగా రాసుకున్నాడు. యూరప్‌లో మొరాకో తోలు పేరుతో అమ్ముడుపోయిన మేకతోలులో చాలా భాగం ఈ హౌసా ఊళ్ళ నుంచి వెళ్ళిందే.

కానోలో కోఫర్ మాతా అనే కోటద్వారం దగ్గర అద్దకం గుంటలున్నాయి, 1498 నుంచి ఉన్నాయని అక్కడివాళ్ళు చెబుతారు. మనిషి లోతుకు మించిన గుంట, లోపల నీలిమందూ బూడిదా కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళు. అంచున కూర్చున్న పెద్దాయన తెల్లబట్టను ముంచి, పైకి తీసి, గాలికి పట్టి, మళ్ళీ ముంచుతాడు. పైకి తీసినప్పుడు పచ్చగా కనిపించిన బట్ట గాలి తగిలేకొద్దీ మన కళ్ళముందే నీలం తిరుగుతుంది. మోచేతుల దాకా ఆయన చేతులూ నీలమే. తర్వాత ఆ బట్టను దుంగ మీద పరిచి ఇద్దరు మనుషులు కొయ్య సుత్తులతో కొడుతూనే ఉంటారు, ఇస్త్రీ పెట్టె అక్కర్లేకుండా మెరుపు వచ్చేదాకా. మన పెడన కలంకారీ పనివాళ్ళని చూసిన పిల్లలైతే ఇట్టే అర్థం చేసుకుంటారు.

"అందని జాతి" లాంటి మాటలు మిషన్ లెక్కల కోసం పుట్టాయి. ప్రార్థన చేసుకునేవాళ్ళకి ఆ లెక్క కన్నా మనుషులెవరో తెలియడం ముఖ్యమని నా అభిప్రాయం.

ప్రశ్న: అక్కడి ఆడవాళ్ళు భర్త పేరు పలకరని మీరు ఒక మీటింగ్‌లో చెప్పారట, నిజమేనా? – నెల్లూరు నుంచి ఒక అమ్మ

నిజమేనండి. మీ అత్తగారి తరంలో మన ఇళ్ళల్లో ఉన్నట్టే. దాన్ని వాళ్ళు కున్యా అంటారు. సిగ్గు, మర్యాద, అణకువ అన్నీ కలిసిన గుణం. భర్త పేరు పలకకపోవడం ఒక్కటే అయితే మనకు కొత్తేమీ కాదు, మొదటి బిడ్డను కూడా తల్లి పేరుపెట్టి పిలవదు, నలుగురిలో ఆ బిడ్డను ఎత్తి ముద్దు చేయదు. ఎంత ప్రేమ ఉన్నా దాచుకోవడమే పద్ధతి. పెద్ద బిడ్డ చాలాసార్లు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతుంది. అత్తమామల ముందు అల్లుడు పక్కకి తప్పుకుంటాడు.

ఇంత కట్టుబాటు ఉన్న చోటే మేనత్త మేనమామ పిల్లల మధ్య ఎంత పరాచికమో చూస్తే మీకు నవ్వొస్తుంది. తౌబాషి అంటారు. ఎదురుపడితే చాలు, నువ్వు నా బానిసవి, నాకు పండగ కానుక బాకీ ఉన్నావు అని జేబులో చెయ్యి పెట్టేస్తారు, ఎవరూ తప్పు పట్టరు. మన బావామరదళ్ళ సరసమే ఇది, పెళ్ళి వరస కూడా కలుస్తుంది. ఊళ్ళకి ఊళ్ళకి మధ్య కూడా ఇలాంటి వేళాకోళాలు ఉంటాయి, జరియా వాళ్ళూ కానో వాళ్ళూ కలిస్తే ఒకరినొకరు వదలరు.

పలకరింపు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు అక్కడ మొదట తప్పటడుగు వేసేది అక్కడే. పొద్దున ఎదురైతే "ఇనా క్వానా", రాత్రి ఎలా గడిచింది అని. "లఫియా లౌ", బాగుంది. అంతటితో అయిపోదు. ఇల్లెలా ఉంది, ఇంట్లోవాళ్ళెలా ఉన్నారు, పనెలా ఉంది, "ఇనా గాజియా" అంటే అలసట ఎలా ఉంది, దానికి "బా గాజియా", అలసట లేదు. చిన్నవాళ్ళయితే పెద్దల ముందు కాస్త వంగో, గొంతుక్కూర్చునో చెబుతారు. ఇదంతా అయ్యాకే అసలు పని మాట. మా స్కూల్ అటెండరు దగ్గరికి తాళాలు కావాలని హడావిడిగా వెళ్ళిన ఇంకో దేశం మాస్టారికి తాళాలు వెంటనే దొరికేవి, గౌరవం దొరికేది కాదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో నాతో చదివే నైజీరియా ఫ్రెండ్ కానో నుంచి వచ్చాడు. ఇంటికి భోజనానికి పిలవాలి. ఏం వండాలి? – డిగ్రీ విద్యార్థి, తార్నాక

పంది మాంసం, మందు వద్దు, మాంసం హలాల్ షాపులో తీసుకో. ఆ ఒక్కటీ చూసుకున్నావంటే మిగతాదంతా సులువు తమ్ముడూ. మన గోంగూర మొక్కే అక్కడ ఇంటింటా ఉంటుంది, ఆకుని యాకువా అంటారు, ఎర్రటి కాయల రేకుల్ని నానబెట్టి అల్లం, లవంగం వేసి జోబో అనే ఎర్రని పానీయం చేస్తారు. మునగాకుని జొగలే అంటారు, ఉడికించి వేరుశనగ చెక్క పొడి కలుపుకుని తింటారు. బొబ్బర్లు నానబెట్టి రుబ్బి నూనెలో వేసే కొసాయి మన అలసంద వడే. జొన్నపిండితోనో బియ్యంతోనో చేసే తువో అనే ముద్దను పులుసులో అద్దుకుని చేత్తో తింటారు. కాబట్టి మీ అమ్మగారిని రాగి సంకటి, గోంగూర మాంసం చేయమని అడుగు, ఆ అబ్బాయి కళ్ళు చెమరుస్తాయి. కుడిచేత్తో వడ్డించండి.

మాటలు వెతుక్కోవాల్సిన పని కూడా ఉండదు. కానోలో హిందీ సినిమాలు కొన్ని తరాలుగా చూస్తున్నారు, హిందీ పాటల బాణీల్లో ప్రవక్తను స్తుతించే పాటలు కట్టుకున్నవాళ్ళున్నారు, కానో సొంత సినిమా పరిశ్రమ కానీవుడ్ మీద ఆ ముద్ర బలంగా ఉంది. ఈమధ్య మన తెలుగు హీరోల యాక్షన్ సినిమాలు కూడా హౌసాలోకి డబ్ అవుతున్నాయి. వాడికే నీకన్నా ఎక్కువ తెలిసి ఉండొచ్చు.

ప్రశ్న: మన తెలుగు నేలకు మిషనరీలు వచ్చిన కాలంలోనే అక్కడికీ వెళ్ళారు కదా, మరి హౌసాల్లో సంఘం ఎందుకు పెరగలేదు? – ఒక రిటైర్డ్ పాస్టర్, కాకినాడ

పాస్టర్ గారూ, మీరన్న కాలం సరిగ్గా కలుస్తుంది. ఇంగ్లాండు నుంచి పనిచేసే సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగింది 1841లో. అదే 1841లో అదే సీఎంఎస్ నుంచి జర్మన్ మిషనరీ జేమ్స్ షోన్, ఆఫ్రికా బిడ్డ సామ్యూల్ క్రౌథర్ ఇద్దరూ నైజర్ నది మీద వెళ్ళిన బ్రిటిష్ యాత్రలో ఉన్నారు. జ్వరాలతో మనుషులు రాలిపోయి ఆ యాత్ర వెనక్కి వచ్చేసింది. షోన్ మాత్రం హౌసా భాషను వదల్లేదు. ఇంగ్లాండులో కూర్చుని ఎలా నేర్చుకున్నాడంటే, దోరుగు అనే హౌసా కుర్రాడి వల్ల. చిన్నప్పుడే బానిసగా పట్టుబడి చేతులు మారి, చివరికి బార్త్ యాత్ర బృందం దగ్గర చేరి స్వేచ్ఛ పొంది, 1855లో యూరప్ వచ్చి షోన్ ఇంట్లో ఉన్నాడు. ఊళ్ళో ఇల్లు ఎలా ఉండేది, పొలం పని ఎలా చేసేవాళ్ళు, తనను ఎలా పట్టుకుపోయారు అన్నీ తన భాషలో చెబుతుంటే షోన్ రాసుకున్నాడు. 1862లో వ్యాకరణం, 1876లో నిఘంటువు, 1880లో హౌసా కొత్త నిబంధన వచ్చాయి. మిషన్ చరిత్ర చెప్పేటప్పుడు షోన్ పేరు వస్తుంది, దోరుగు పేరు రాదు. అది నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఆ తర్వాత వెళ్ళినవాళ్ళు చాలామంది మట్టిలో కలిసిపోయారు. 1890లో లొకోజాలో దిగిన విల్మట్ బ్రూక్, జాన్ రాబిన్సన్ ఇద్దరూ 1892 కల్లా చనిపోయారు. 1893 డిసెంబరులో లేగోస్ చేరిన ముగ్గురు కుర్రాళ్ళలో గోవన్స్, కెంట్ 1894 చివరికల్లా పోయారు, మిగిలిన బింగ్‌హామ్ వల్లే ఎస్ఐఎం (సూడాన్ ఇంటీరియర్ మిషన్) నిలబడింది. 1900లో బిషప్ టగ్వెల్ బృందం కానో దాకా వెళ్తే ఎమీర్ ఊళ్ళో ఉండనివ్వలేదు. ఆ బృందంలో వాల్టర్ మిల్లర్ అనే డాక్టరు ఉన్నాడు, ఆయన మాట మళ్ళీ వస్తుంది.

అసలు చిక్కుముడి పడింది 1903లో. ఆ ఏడాది బ్రిటిష్ సైన్యం కానోనీ, ఆ ముస్లిం రాజ్యాలన్నిటికీ పెద్ద అయిన సొకోటోనీ పట్టుకుంది. మార్చిలో సొకోటోలో బ్రిటిష్ హైకమిషనర్ లూగార్డ్, మీ మతం జోలికి రాము అని మాటిచ్చాడు. ఎమీర్లను గద్దె మీదే ఉంచి వాళ్ళ ద్వారా పాలించాలంటే ఆ మాట అవసరం. దాంతో ముస్లిం రాజ్యాల్లోకి మిషన్లను రానివ్వకుండా దశాబ్దాల పాటు ఆపేసింది క్రైస్తవ రాజు పేరుతో పాలించిన ప్రభుత్వమే. ఈ సంగతి మన సంఘాల్లో చాలామందికి తెలియదు, వాళ్ళు మొండివాళ్ళు, వినరు అని తేల్చేస్తారు. మిషన్లు చుట్టుపక్కల కొండ ప్రాంతాల ప్రజల దగ్గరికి వెళ్ళాయి, అక్కడ సంఘాలు బాగా పెరిగాయి, ఆ సంఘాలు బైబిల్ చదివేదీ పాటలు పాడేదీ చాలావరకు హౌసాలోనే. అంటే హౌసా భాషలో పెద్ద సంఘం ఉంది, హౌసా జాతిలో చిన్నది ఉంది. ఇంకో నష్టం కూడా జరిగింది. మిషన్ స్కూళ్ళు లేని ఉత్తరం ఇంగ్లీషు చదువులో దక్షిణం కన్నా వెనకబడింది, ఉద్యోగాలకి దక్షిణాది వాళ్ళు వచ్చారు, చర్చి అంటే బయటివాళ్ళది అనే ముద్ర పడిపోయింది.

మిల్లర్ మాత్రం జరియాలో పాతుకుపోయాడు. ట్రిపోలీలో ఉన్న హౌసా వాళ్ళ దగ్గర భాష నేర్చుకుని వచ్చినవాడు. జరియా కోట లోపల స్కూలు పెట్టాడు, వైద్యం చేశాడు, 1929లో కోట బయట వుసాసాకి మారాల్సి వచ్చింది. అక్కడి సెయింట్ బార్తలోమియో చర్చి హౌసా ఇళ్ళలాగే మట్టితో కట్టింది, నేనున్న రోజుల్లో ఆదివారం అక్కడికే వెళ్ళేవాణ్ణి, మండుటెండలో లోపల చల్లగా ఉండేది. పూర్తి హౌసా బైబిల్ 1932లో వచ్చిందంటే ఆ కష్టంలో పెద్ద వాటా మిల్లర్‌దే. ఉత్తర నైజీరియా మొదటి డాక్టరు బరావు దిక్కో ఆయన దగ్గర చదువుకున్నవాడే, తర్వాత దేశాధినేత అయిన యాకుబు గోవన్ పెరిగింది వుసాసాలోనే. చిత్రమేమిటంటే ఈ ఇద్దరూ హౌసాలు కారు, ఒకరు ఫులానీ, ఒకరు పీఠభూమి ప్రాంతం అంగాస్. హౌసా విశ్వాసులు మిల్లర్ కాలమంతా కొద్దిమందే.

కానీ పాస్టర్ గారూ, హౌసా నేల మీద మిషనరీ ఎవరూ అడుగు పెట్టకముందే ఒకటి జరిగింది. 19వ శతాబ్దం మధ్యలో కానోలో ఇబ్రహీం అనే మాలం, అంటే మతగురువు, ఖురాన్‌నే చదివి చదివి, అందులో ఈసా, అంటే యేసు గురించి ఉన్న మాటలు పట్టుకుని, ఆయన్ని అందరికన్నా పైన ఉంచి బోధించాడు. ఆయన చేతిలో బైబిల్ లేదు. కానో బజారులో ఆయనకి మరణశిక్ష వేశారు. శిష్యులు చెదిరిపోయి పల్లెల్లో దాక్కుని తరాలుగా ఆ నమ్మకం నిలుపుకున్నారు, వాళ్ళని ఇసావా అంటారు. 1913లో వాళ్ళు మిల్లర్‌ని వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళ కోసం గిమీ అనే చోట ఊరు కట్టుకున్నారు, కొన్నేళ్ళకే నిద్రజబ్బు వచ్చి చాలామంది చనిపోయారు. బతికినవాళ్ళ సంతతి నుంచి వచ్చిన విశ్వాసులు జరియా ప్రాంతంలో ఉన్నారు. హౌసా సంఘం మొదలెక్కడ అని నన్నడిగితే లండన్ పేరు చెప్పను, ఆ కానో బజారు పేరే చెబుతాను.

ప్రశ్న: మేం యూత్ అంతా కలిసి ఫండ్ పోగుచేసి కానోలో ఒక పెద్ద సువార్త సభ పెట్టించాలనుకుంటున్నాం. ఎవరిని కాంటాక్ట్ చేయాలి? – యువ పాస్టర్, గుంటూరు జిల్లా

ఎవరినీ చేయొద్దు తమ్ముడూ. ఆ సభ పెట్టొద్దు. నీ మనసు మంచిదే, డబ్బు కూడా చెమటోడ్చి తెచ్చిందే అయ్యుంటుంది, అందుకే సూటిగా చెబుతున్నా.

1991 అక్టోబరులో కానోలో రైన్‌హార్డ్ బోంకె అనే పేరున్న జర్మన్ బోధకుడి సభ పెట్టారు. ఊరంతా పోస్టర్లు, మైకులు. అంతకుముందు దక్షిణాఫ్రికా నుంచి ముస్లిం బోధకుడు అహ్మద్ దీదాత్‌ను పిలుచుకోవడానికి తమకు అనుమతి ఇవ్వలేదన్న మంట ఊళ్ళో అప్పటికే ఉంది. అల్లర్లు లేచాయి. ఇళ్ళూ దుకాణాలూ చర్చిలూ మసీదులూ కాలాయి, ప్రాణాలు పోయాయి. బోధకుడు విమానం ఎక్కి వెళ్ళిపోయాడు, ఊళ్ళో ఉండాల్సిన క్రైస్తవులు, వాళ్ళ పక్కింటి ముస్లింలు మిగిలారు. 1920ల్లో మిల్లర్ చెల్లెలు ఎథెల్ మిల్లర్ కూడా ప్రవక్త మీద ఘాటుగా కరపత్రాలు అచ్చేసి పంచింది, ఎమీర్లకు కోపం, ప్రభుత్వానికి తలనొప్పి, అప్పటికే కష్టంగా నడుస్తున్న పనికి చెడ్డపేరు. ఒక్క హౌసా మనసైనా దానివల్ల మెత్తబడిందని నేనెక్కడా వినలేదు. 2015 జనవరిలో పారిస్ పత్రిక వేసిన ప్రవక్త కార్టూన్ల గొడవకి నైజర్‌లో జిందేర్, నియామే ఊళ్ళలో చర్చిలు తగలబడ్డాయి. ఎక్కడో ఎవరో చేసినదానికి అక్కడి విశ్వాసి ఇల్లు కాలుతుంది. ఇది గుర్తుపెట్టుకో.

మరి తలుపులు ఎక్కడ తెరుచుకున్నాయంటే, ఎవరూ ముట్టుకోని మనిషి దగ్గర. 1930ల చివర్లో కుష్ఠురోగుల కోసమని కానో, కట్సీనా, సొకోటో ప్రాంతాల్లో ఎస్ఐఎంకి మొదటిసారి అనుమతి దొరికింది. మన డిచ్‌పల్లిలో ఇజబెల్ కెర్ డాక్టరమ్మ మొదలుపెట్టిన పనిని మా పెద్దవాళ్ళు చూశారు, అలాంటి పనే అక్కడా జరిగింది. 1950లో నైజర్‌లోని గాల్మీలో పెట్టిన ఆస్పత్రి ఇప్పటికీ నడుస్తోంది. చిన్న వయసులో పెళ్ళై, కాన్పు కష్టమై, మూత్రం ఆగక ఇంట్లోంచి గెంటేయబడిన ఆడపిల్లలకి ఆపరేషన్లు చేసే చోటు నైజర్‌లోనే డాంజాలో ఉంది. నీ దగ్గరున్న డబ్బు అలాంటి పనికి పంపు. అక్కడి నైజీరియా సంఘాలకి, ఎస్ఐఎం పని నుంచి పుట్టిన ఈసీడబ్ల్యూఏ సంఘానికో ఆంగ్లికన్ డయాసిస్‌కో సరైన దారిలో పంపు, ఏం చేయాలో వాళ్ళని నిర్ణయించుకోనివ్వు. ఒక షరతు మాత్రం నువ్వు పెట్టు: మందుకీ ప్రార్థనకీ ముడి పెట్టకూడదు. వైద్యం ఎరగా వాడితే అది క్రీస్తు పేరుకే మచ్చ.

ప్రశ్న: హౌసా క్రైస్తవులు అసలున్నారా? ఉంటే వాళ్ళ సాక్ష్యాలు వీడియోలు పంపగలరా? – ఒంగోలు

ఉన్నారు. ఎక్కువగా మాగుజావా కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. మాగుజావా అంటే ఇస్లాంలోకి వెళ్ళకుండా పాత నమ్మకాలతోనే ఉండిపోయిన హౌసా రైతులు, కట్సీనా, కానో పల్లెల్లో పొలాల మధ్య ఇళ్ళు కట్టుకుని ఉంటారు. బోరీ అని, వాద్యాలు వాయిస్తుంటే మనిషి మీద ఆత్మ పూని మాట్లాడే ఆచారం వాళ్ళది. మలుంఫాషి చుట్టుపక్కల ఈ పల్లెల్లో ప్రొటెస్టెంట్, క్యాథలిక్ సంఘాలు ఉన్నాయి. ఆ ఊళ్ళల్లో హౌసా అంటే ముస్లిం అనే లెక్క చెల్లదు. వాళ్ళ బాధ కూడా అదే, పట్నంలో పని మీద వెళ్తే నువ్వు హౌసావి కదా, క్రైస్తవుడివి ఎలా అయ్యావు అని రెండు వైపులవాళ్ళూ అడుగుతారు, దక్షిణాది క్రైస్తవులతో సహా.

ముస్లిం ఇంటి నుంచి వచ్చినవాళ్ళు కొద్దిమంది. వాళ్ళకి చట్టం కన్నా ఇల్లే పెద్ద పరీక్ష. నైజీరియా రాజ్యాంగం 38వ సెక్షన్ మతం మార్చుకునే హక్కు ఇస్తుంది. 2000లో జంఫారాతో మొదలై ఉత్తరాన 12 రాష్ట్రాలు షరియా శిక్షాస్మృతి తెచ్చాక వాతావరణం బిగుసుకుంది. కానీ మనిషిని నిజంగా విరిచేది తండ్రి మాట్లాడకపోవడం, భార్యను పుట్టింటివాళ్ళు తీసుకుపోవడం, భూమిలో వాటా పోవడం, కూతురికి సంబంధం దొరక్కపోవడం. 2022లో సొకోటోలో ఒక కాలేజీ విద్యార్థినిని దైవదూషణ చేసిందన్న ఆరోపణ మీద తోటివాళ్ళే కొట్టి చంపారు, అదీ ఒక వాట్సాప్ గ్రూపు మెసేజ్‌తో మొదలైంది. అందుకని వీడియోలు పంపను. ఎవరైనా మీకు పంపినా షేర్ చేయకండి. మనకి ఇక్కడ కన్నీళ్ళు తెప్పించే ఆ వీడియోలో ఉన్న ముఖం అక్కడ ఒక అడ్రసు.

ఇంకొకటి, ఈ ఉత్తరాల్లో సగం బోకో హరామ్ అనే తీవ్రవాద ముఠా గురించే. అది పుట్టింది ఈశాన్యాన మైదుగురిలో, అక్కడ ప్రధానంగా కనూరీ ప్రజలుంటారు. హౌసా ప్రాంతంలో ఇప్పుడు పీడిస్తున్నవి కిడ్నాప్ ముఠాలు. 2020 డిసెంబరులో కట్సీనా రాష్ట్రం కంకారాలో హాస్టల్ మీద పడి 300 మందికి పైగా అబ్బాయిల్ని ఎత్తుకెళ్ళారు. జంఫారా, కట్సీనా పల్లెల్లో చేలు వదిలి పారిపోతున్నవాళ్ళలో అత్యధికులు ముస్లిం హౌసా రైతులే. ప్రార్థన చేసేటప్పుడు వాళ్ళని కూడా పేరుపెట్టి తలుచుకోండి.

ప్రశ్న: మా పక్కింటివాళ్ళ దగ్గర మీ పత్రిక చదువుతుంటాను. నేను ముస్లింని. వాళ్ళకి ఒక మతం ఉంది, చదువు ఉంది, మరి మార్చాలన్న ఆరాటం ఎందుకు? – కర్నూలు

భాయ్, ఈ ఉత్తరం రాసినందుకు చాలా సంతోషం. వాళ్ళకి చదువు ఉందన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. 1804లో గోబిర్ రాజుల అక్రమ పన్నులు, అన్యాయాల మీద తిరగబడి సొకోటో రాజ్యం స్థాపించిన ఉస్మాన్ దాన్ ఫోదియో గొప్ప పండితుడు. ఆయన కూతురు నానా అస్మావు 1793లో పుట్టింది. అరబ్బీ, ఫులానీ, హౌసా మూడు భాషల్లో పద్యాలు రాసింది, పల్లె ఆడవాళ్ళకి చదువు చెప్పడానికి ఆడవాళ్ళనే గురువులుగా తయారుచేసి పంపింది. మన దేశంలో ఆడపిల్లల బడుల కోసం ఇంకా పోరాటం నడుస్తున్న కాలం అది. నేను ఆమె గురించి చెప్పకుండా హౌసాల గురించి ఎక్కడా మాట్లాడను.

క్రీస్తు గురించి నేను చెప్పేది ఆయన్ని నమ్మాను కాబట్టి, నా బతుకులో అంతకన్నా విలువైనది లేదు కాబట్టి. మీరు మీ విశ్వాసం గురించి నాతో మాట్లాడితే కూడా కూర్చుని వింటాను, జరియాలో మా హెడ్‌మాస్టారితో అలాగే ఎన్నో సాయంత్రాలు గడిపాను, ఆయన ఒక్క పండక్కి కూడా మా ఇంటికి మాంసం పంపడం మానలేదు. చెప్పే హక్కు, వినే హక్కు, వద్దనే హక్కు మూడూ అందరికీ ఉండాలి. ఆశ చూపించి, భయపెట్టి, అవతలివాళ్ళ ప్రవక్తను తిట్టి చేసేది ఏదైనా మా పత్రిక సమర్థించదు. ఆ గీత ఎవరు దాటినట్టు మీకు కనిపించినా నాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాను.

ప్రశ్న: మా తమ్ముడికి కానోలో ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చింది. ఇంట్లో ఒకటే టెన్షన్. ఏం జాగ్రత్తలు చెప్పాలి? – వరంగల్

కానో పెద్ద వ్యాపార నగరం, మనవాళ్ళు చాలా ఏళ్ళుగా ఉన్నారు, కంగారు పడకండి. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు ప్రయాణమే ప్రమాదం, చీకటి పడ్డాక అసలు వద్దు, కంపెనీ చెప్పిన దారి తప్ప సొంతంగా బయల్దేరవద్దని గట్టిగా చెప్పండి. 2022 మార్చిలో అబుజా-కడూనా రైలు మీదే దాడి జరిగింది. ఇచ్చిపుచ్చుకోవడం కుడిచేత్తోనే. ఎవరింటికైనా వెళ్తే వాకిట్లో నిలబడి సలాం చెప్పి, పిలిచేదాకా ఆగాలి, లోపలి భాగం ఆడవాళ్ళది, మగ అతిథి వెళ్ళడు. ఆడవాళ్ళ ఫొటోలు తీయకూడదు. రంజాన్ నెలలో పగలు అందరిముందు తినకుండా ఉంటే బాగుంటుంది. మతం గురించి వాళ్ళడిగితే నిజాయితీగా చెప్పొచ్చు, ఆఫీసులో వాదన పెట్టుకోవద్దు. పది పలకరింపు మాటలు నేర్చుకుని వెళ్తే చాలు, మిగతాది వాళ్ళే నేర్పిస్తారు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సహారా దుమ్ము గాలి వీస్తుంది, ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ దగ్గరుంచుకోవాలి. దోమతెర తప్పనిసరి. ఆ ప్రాంతంలో మెదడు పొరల వాపు (మెనింజైటిస్) జ్వరాలు వస్తుంటాయి కాబట్టి మెనింజైటిస్ టీకా గురించి డాక్టరుని అడగండి. యెల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్‌లోనే వేయించుకుని ఆ కార్డు పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోవాలి, అది లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు.